పెరుగుకి ఇస్త్రీ

ఈ భూమ్మీద పెరుగుకి ఇస్త్రీ చేసిన మగాడు ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. ఎవరితోనైనా పందెం కాస్తాను. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. మా ఆవిడ నవ్వినంత మీరెవరూ నవ్వలేరు. అసలు ఆ నవ్వు కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా ఆవిడ నర్సు. నాకన్నా రెండేళ్ళు ముందే ఐర్లండ్ వచ్చి ములింగార్ అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. వీసా రావడం, ఉద్యోగం మానడం, అందరి దగ్గరా సెలవు తీసుకోవడం, అన్నీ అయ్యి ఫిబ్రవరిలో డబ్లిన్‌లో దిగాను. రెండేళ్ళ తర్వాత పెళ్ళాన్ని చూస్తున్నానన్న ఆనందం ఒక పక్క, ముక్కు ఊడిపోయేంత చలి ఒక పక్క. నన్ను చూసి ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "స్వెట్టర్ ఆ పెట్టెలో అడుగున పెట్టారా? మీకు బుద్ధుందా?" అంది. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది.

ములింగార్ బస్సుకి ఇంకా టైముందని నన్ను బస్‌స్టాండుకి దగ్గర్లోని ఒక టర్కీ వాళ్ళ హోటల్‌కి తీసుకెళ్ళింది. నాలుగు బల్లలున్న చిన్న చోటు. ముందుగా చిన్న చిన్న పళ్ళేల్లో ఏవేవో తెచ్చి పెట్టారు. వాటిలో ఒకటి తెల్లగా, వెన్నముద్దలా ఉంది. మీద ఆకుపచ్చ నలకలు, కాస్త నూనె. పొయ్యి మీంచి అప్పుడే తీసిన రొట్టె తుంచి అందులో ముంచుకుంది మా ఆవిడ. పొద్దున్నించీ నా విమానం గొడవలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. రెండు నిమిషాల్లో పళ్ళెం అడుగు కనిపించింది. అప్పుడు చేయి ఆపి నా వంక చూసి, "మీకుందా?" అంది.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. పెళ్ళయిన కొత్త నుంచీ మా ఆవిడకిది అలవాటు. తను మారు వడ్డించుకునే ముందు గిన్నెలోకి తొంగి చూస్తుంది, నా వైపు తిరిగి "మీకుందా?" అంటుంది. ఉంది అంటేనే గరిటె ముట్టుకుంటుంది. కొంచెమే మిగిలితే నీళ్ళు తాగి లేచిపోతుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. వాళ్ళ అమ్మా అంతే, వాళ్ళ అమ్మమ్మా అంతేనట. ఆ రోజు కూడా అడిగింది. "నాకొద్దు, నువ్వు కానీ" అని, నేనే చెయ్యెత్తి ఇంకో పళ్ళెం తెమ్మన్నాను. పేరేమిటని అడిగితే వడ్డించే కుర్రాడు "హైదరీ" అన్నాడు.

"మన హైదరాబాదుకి ఏమన్నా చుట్టమా ఇది?" అన్నాను తెలుగులో. మా ఆవిడ రొట్టె ముక్క అడ్డం పడేంత నవ్వింది. ఆ కుర్రాడు కూడా, ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు.

అందులో ఏమేం వేస్తారో ఇంటికొచ్చాక చెప్పింది. గడ్డ పెరుగు, వెల్లుల్లి, ఎండు పుదీనా, సోయకూర, ఏదో తెల్ల చీజు. "మన పెరుగు పచ్చడే కదా, తాలింపు మర్చిపోయారు, అంతే" అన్నాను. "మీ తాలింపు మీ దగ్గరే పెట్టుకోండి" అంది.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు కూడా కలిసి ఉన్నామో లేదో, మార్చి వచ్చింది. స్కూళ్ళు మూశారు, చర్చిలు మూశారు, ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళొద్దన్నారు, దాటితే గార్డులు ఆపి ఎక్కడికని అడుగుతారన్నారు. గార్డులంటే పోలీసులు. నాకు వెళ్ళడానికి రెండు కిలోమీటర్లలో ఏముందో కూడా తెలియదు కాబట్టి పెద్ద నష్టమేమీ అనిపించలేదు. అసలు నష్టం ఇంట్లో జరిగింది. మా ఆవిడని కోవిడ్ వార్డులో వేశారు. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే గొంతుతో నాకు రూల్సు చదివింది. మేడ మీదంతా తనది, కిందంతా నాది. తను వెనక తలుపులోంచి వస్తుంది, నేరుగా పైకెళ్ళి స్నానం చేస్తుంది, బాక్స్ రూములో పడుకుంటుంది. ఆ గదిలో మంచం వేశాక మనిషి పక్కకి తిరగడానికి కూడా చోటుండదు. నేను సోఫా మీద. అన్నం పళ్ళెం మెట్ల మీద పెట్టి నేను దిగి వచ్చేయాలి, అప్పుడు తను తలుపు తీస్తుంది.

రెండేళ్ళు సముద్రాలవతల ఉండి, చివరికి ఒక ఇంట్లో చేరి, మళ్ళీ మెట్ల మీద పళ్ళెం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటి ఓనరు పెట్టిన కర్టెన్ల మీద మండాను.

వంట నాకు రాదు. గుంటూరులో అమ్మ, తర్వాత మా ఆవిడ, తను వచ్చేశాక మెస్సు. అయినా నేర్చుకున్నాను. పప్పు మాడింది, తర్వాత మాడలేదు. చారు కుదిరింది. వీడియోలు చూసి గోంగూర లేని చోట పాలకూరలో నిమ్మకాయ పిండి గోంగూర అని నన్ను నేనే మోసం చేసుకున్నాను. ఆవిడ మాత్రం తినడం లేదు. పళ్ళెం పెట్టినది పెట్టినట్టే మెట్ల మీదకి తిరిగొచ్చేది. పైనుంచి గొంతు వినపడేది.

"ఏవండీ, మీకుందా? ఇది కూడా మీరే తినేయండి. నేను అక్కడ టోస్టు తిన్నాను."

ఆ "మీకుందా?" అంటే అప్పుడు నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నా మీద ప్రేమతో అడిగిన మాట, ఇప్పుడు తినకుండా తప్పించుకోడానికి ఒక వంక అయిపోయింది. "నాకుంది! కుండెడుంది! నువ్వు తిను ముందు!" అని కింద నుంచి అరిచేవాణ్ణి. అరిస్తే ఆయాసం వచ్చేది. ఆయాసం వినపడితే ఆవిడ కంగారుపడేది. ఇంక అరవడం కూడా మానేశాను.

టెస్టు చేశారు, కోవిడ్ లేదన్నారు. రుచీ వాసనా పోలేదు. "మరేంటి?" అంటే, "ఏమో. నోట్లో పెట్టుకుంటే దూది నమిలినట్టుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రోగులనే చూస్తా కదా, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే గొంతు దిగట్లేదు" అంది. చేతులు కడుక్కుంటుంటే పెళ్ళి ఉంగరం జారి సింకులో పడబోయిందట, తీసి మెళ్ళో గొలుసుకి గుచ్చుకుంది. ఒక రోజు వార్డులో కళ్ళు తిరిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. హెడ్ నర్సు మా ఆవిడని పక్కకి పిలిచి, "నువ్వు తినకపోతే రేపు నిన్ను కూడా ఒక మంచం మీద చూడాల్సి వస్తుంది" అందట. ఈ మాట ఆవిడ నవ్వుతూనే చెప్పింది. తిండి లేని ఒంటితో రోజూ ఆ వార్డులోకి వెళ్తోంది. ఏదన్నా తగులుకుంటే తట్టుకోవడానికి ఒంట్లో ఏముంది? నాకు ఇంకో ధ్యాస లేకుండా పోయింది. ఈ మనిషి తినాలి. ఏదైనా సరే, ఎంతైనా సరే, ఆకలేసి తినాలి.

మెట్ల కింద నిలబడి అడిగాను. "నీకు ఏం తినాలనుంది? చెప్పు. ఏనుగు గుడ్డు అడిగినా తెస్తా."

పడుకుందేమో అనుకున్నాను. అప్పుడు చిన్న గొంతుతో, "మీరొచ్చిన రోజు బస్సెక్కబోయే ముందు తిన్నామే... ఆ తెల్లది. అది ఉంటే తింటానేమో" అంది.

ఆ "తింటానేమో" చాలు నాకు. ఆ హోటల్ మూసేశారు, తెరిచి ఉన్నా డబ్లిన్ వెళ్ళనివ్వరు. ఇంట్లోనే చేయాలి. ఫోన్లో వెతికితే ఒక టర్కీ ముసలమ్మ వీడియో దొరికింది. ఇంగ్లిష్ ముక్క లేదు. పెరుగుని బట్టలో కట్టి వేలాడదీసింది, తర్వాత ఆ మూట మీద ఒక రాయి పెట్టి నొక్కింది. నీళ్ళన్నీ పోయాక గడ్డని గిన్నెలోకి తీసుకుంది. పదిసార్లు చూశాను. లెక్కలు చెప్పేవాడికి స్టెప్పులుంటే చాలు, ఆ పైన ఎక్కడికైనా వెళ్ళిపోగలడు.

మొదటి స్టెప్పులోనే బోల్తా పడ్డాను. పెరుగు నేనే తోడు పెడదామనుకున్నాను. మా అమ్మ రోజూ కళ్ళు మూసుకుని చేసే పని అది. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగు కలిపి, మూత పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మళ్ళీ పెట్టాను, దుప్పటి కప్పాను. మళ్ళీ పాలే. మే నెలలో కూడా వంటింట్లో స్వెట్టర్ వేసుకుని నిలబడే దేశంలో పెరుగు ఎట్టా తోడుకుంటుంది? తస్సాదియ్యా, నీ దేశమూ నీ చలీ అని తిట్టుకుని, సూపర్ మార్కెట్ ముందు ఆరడుగులకొక మనిషి చొప్పున నిలబెట్టిన క్యూలో నిలబడి, రెండు పెద్ద డబ్బాల పెరుగు కొనుక్కొచ్చాను. సోయకూర, ఎండు పుదీనా, ఉప్పు నీళ్ళలో ఉండే తెల్ల చీజు, అన్నీ అక్కడే దొరికాయి.

బట్ట కావాలి. మా అత్తగారు పెళ్ళిలో పెట్టిన తెల్ల కండువా పెట్టెలో కొత్తగానే ఉంది. దాంట్లో పెరుగంతా వేసి మూట కట్టాను. ఎక్కడ వేలాడదీయాలి? సింకు కుళాయి పొట్టిది, మూట సింకులో కూర్చుండిపోతోంది. వెనక పెరట్లో బట్టలారేసే తాడుంది. తీసుకెళ్ళి నాలుగు క్లిప్పులు పెట్టి తాడుకి వేలాడదీశాను. బొట్టు బొట్టుగా కారుతోంది. నాకు మహా తృప్తిగా ఉంది. ఇంతలో తుంపర మొదలైంది. ములింగార్‌లో తుంపర ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. మూట కింద నుంచి కారేది పెరుగు నీళ్ళో వాన నీళ్ళో నాకే తెలియలేదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. డెబ్బై దాటిన వాళ్ళని గడప దాటొద్దన్నారు కాబట్టి ఆవిడ పగలంతా వెనక పెరట్లోనే, గొడుగేసుకుని మరీ తిరుగుతూ ఉండేది. మాట్లాడ్డానికి మనిషి దొరికితే చాలు ఆవిడకి. ఆ యాస నాకు సగం అర్థమయ్యేది కాదు, అన్నింటికీ తలూపేవాణ్ణి. ఆ రోజు గోడ అవతల నుంచి నా మూట వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ వానలో అది జన్మలో ఆరదు బాబూ" అంది ఇంగ్లిష్‌లో. "హాట్ ప్రెస్‌లో పెట్టు. పొద్దునకల్లా గ్రాండ్‌గా ఉంటుంది."

నేను నోరు వెళ్ళబెట్టాను. ఎంత తెలివైన మనుషులు! గోడ అవతల నుంచి చూసి ఇది పెరుగని పోల్చుకుంది, నీళ్ళు ఆరడం లేదని పోల్చుకుంది, ఉపాయం కూడా చెప్పింది! వంగి వంగి థాంక్స్ చెప్పి మూట తీసుకుని లోపలికొచ్చాను.

ఇప్పుడు నా లెక్క వినండి. ప్రెస్ అంటే ఏమిటి? మన ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. "బట్టలు ప్రెస్‌కి వేశావా?" అంటాం. ప్రెస్ అంటే ఇస్త్రీ. హాట్ అంటే వేడి. అంటే వేడి ఇస్త్రీ. టర్కీ ముసలమ్మ మూట మీద రాయి పెట్టి నొక్కింది. బరువు పెట్టాలని అక్కడే తేలింది. చలి దేశం కాబట్టి బరువుతో పాటు వేడి కూడా ఉండాలి, అందుకే ఐర్లండ్ వాళ్ళు ఇస్త్రీ పెట్టె వాడతారు. రుజువైపోయింది! "హాట్ ప్రెస్‌లో" అన్న ఆ "లో" ఒక్కటే కొంచెం గుచ్చుకుంది. వాళ్ళ ఇంగ్లిష్ అంతేలే అని దాన్ని వదిలేశాను.

ఇస్త్రీ బల్ల వేశాను. దాని మీద మూట పెట్టి చపాతీలా చదును చేశాను. పెట్టె వేడెక్కాక, ఊలు బట్టలకి పెట్టే నంబరు పెట్టి, ఎందుకైనా మంచిదని, మెల్లగా మూట మీద ఆనించాను. చుయ్‌మంది. ఆవిరి లేచింది. ఆహా, పని చేస్తోంది అనుకున్నాను. ఇంకొంచెం నొక్కాను. అంతే, మూట నాలుగు పక్కల నుంచీ వేడి వేడి పుల్లటి నీళ్ళు బుస్సున చిమ్మాయి. బల్ల మీద, నా పాదాల మీద, నేల మీద. పాలు పొంగి పొయ్యిలో పడినప్పుడు వచ్చే కంపుకి పదింతల కంపు ఇల్లంతా నిండిపోయింది. నొక్కినచోట పెట్టె కండువాకి అంటుకుపోయింది. ఓర్నాయనో అని లాగితే, మా అత్తగారు పెట్టిన కండువా మీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. విప్పి చూస్తే లోపల పెరుగు లేదు. విరిగిన జున్నుకీ రబ్బరు చెప్పుకీ మధ్యలో ఏదో ఉంది.

నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తున్నాను. ఏడుపొస్తోంది. పెరుగు పోయినందుకు కాదు. పాపం ఆ మనిషి ఒక్కటడిగింది, అది కూడా చేసి పెట్టలేకపోయాను. సరిగ్గా అప్పుడే వెనక గేటు చప్పుడైంది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. ఇంకా వెలుగుంది. పెరట్లోనే ఆగిపోయి, కిటికీ అద్దంలోంచి నా వంక చూసింది.

"ఏందండీ ఆ కంపు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇస్త్రీ బల్ల మీద అదేంది?"

దాచి లాభం లేదు. "పెరుగు" అన్నాను.

"పెరుగేంది, ఇస్త్రీ బల్ల మీద?"

"ఇస్త్రీ చేశా."

"దేన్ని?"

"పెరుగుని! పక్కింటావిడే చెప్పింది, హాట్ ప్రెస్ చెయ్యమని! నాకేం తెలుసు ఇక్కడి పెరుగు ఇంత పిరికిదని!"

ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. నాకు భయమేసింది, ఏడుస్తోందేమో అని. పెరట్లో మెట్టు మీద కూలబడిపోయి, పొట్ట పట్టుకుని, మొహం మీద మాస్కు గుర్తులు ఎర్రగా కందిపోయి ఉండగా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఆపడం, నా మొహం చూడడం, మళ్ళీ మొదలుపెట్టడం. నెలలు దాటిపోయాయి ఆ నవ్వు విని. నేను కూడా అద్దం ఇవతల నేల మీద గుడ్డ పట్టుకుని కూర్చుని నవ్వేశాను.

"హాట్ ప్రెస్ అంటే ఇస్త్రీ పెట్టె కాదండీ బాబూ" అంది చివరికి ఊపిరి తీసుకుంటూ. "ఇక్కడ ప్రెస్ అంటే అలమారా. మేడ మీద వేడి నీళ్ళ ట్యాంకు ఉంటుంది చూడండి, ఆ అలమారా. దాన్ని హాట్ ప్రెస్ అంటారు. బట్టలు అందులో పెడితే ఆరిపోతాయి. ఆవిడ మీ మూట చూసి ఉతికిన బట్టలనుకుంది!"

మేడ మీద ఆ తలుపు నేను చూశాను. మోటారు గదేమో అనుకుని ఎప్పుడూ తీయలేదు. తర్వాత పైకెళ్ళొద్దంది కదా.

"పెరుగు తోడుకోవాలన్నా అందులో పెడితే సరిపోతుంది" అంది లేస్తూ. "రేపు నేను డ్యూటీకి పోయాక కిటికీలన్నీ తీసి, మాస్కు పెట్టుకుని పైకెళ్ళి పెట్టుకోండి. ఎల్లుండి నాకు సెలవు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇస్త్రీ పెట్టె మాత్రం ముట్టుకోమాకండి."

మర్నాడు పాలు కాచి, చల్లార్చి, తోడు వేసి, గిన్నె పట్టుకుని మాస్కుతో మేడెక్కాను. నా ఇంట్లో నేనే దొంగలా. ఆ అలమారా తలుపు తీశాను. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. ఎన్నాళ్ళయింది అంత వెచ్చదనం తగిలి! కాసేపు తల లోపలికి పెట్టి అట్లాగే నిలబడ్డాను. తువ్వాళ్ళ పక్కన మా ఆవిడ యూనిఫాంలు మడత పెట్టి ఉన్నాయి. గిన్నెకి చోటు చేద్దామని వాటిని జరిపితే చేతికి ఏదో గుచ్చుకుంది. చూస్తే నడుం దగ్గర పిన్నీసులు. అటొకటి ఇటొకటి కాదు, బారుగా పెట్టింది. ప్యాంటు జారిపోకుండా లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకుని వార్డులో తిరుగుతోంది. నాతో ఒక్క మాట చెప్పలేదు. నిన్న నవ్విందిలే అన్న సంబరం అంతా దిగిపోయింది. నవ్వితే కడుపు నిండదు కదా. గిన్నె లోపల పెట్టి, చుట్టూ తువ్వాళ్ళు సర్ది, తలుపు మూసి, "దేవా, ఈ ఒక్కటి కుదిరేలా చూడు" అని ప్రార్థన చేసి దిగాను. పెరుగు కోసం ప్రార్థన చేయడం అదే మొదటిసారి.

సాయంత్రం ఆవిడ రాకముందే చూస్తే, తోడుకుంది! గిన్నె వంచితే కదల్లేదు. గుంటూరులో మట్టి ముంతలో తోడుకున్నట్టు, పైన మీగడ తరకతో. మళ్ళీ కండువాలోనే కట్టాను, మచ్చ లేని వైపు. ఈసారి చిల్లుల గిన్నెలో పెట్టి, మీద పప్పుల డబ్బా బరువు పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దునకి కింది గిన్నెలో పచ్చటి నీళ్ళు, పైన గడ్డ.

ఆ రోజు ఆదివారం. పొద్దున ఫోన్లో చర్చి అయిపోయింది. ఎండ కాసింది, నిజమైన ఎండ. మా ఆవిడ పెరట్లో ఆ చివర కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను వంటింటి తలుపు తెరుచుకుని లోపల. వెల్లుల్లి రెబ్బలు ఉప్పేసి మెత్తగా నూరాను. తెల్ల చీజు చిదిపాను. సోయకూర సన్నగా తరిగాను. అన్నీ గడ్డ పెరుగులో కలిపాను. చిన్న మూకుట్లో వెన్న వేసి, కరగగానే మంట తీసేసి, ఎండు పుదీనా అరచేతుల్లో నలిపి అందులో వేశాను. ఘుమ్మని వాసన లేచింది. ఇది తాలింపు కాకపోతే ఇంకేంటి? చెయ్యి దానంతటదే ఆవాల డబ్బా మీదకి పోయింది.

"ఆవాలు ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని పెరట్లోంచి కేక. నా వీపు మాత్రమే కనిపిస్తుంది ఆవిడకి. అయినా పట్టేసింది. డబ్బా లోపల పెట్టేశాను.

పుదీనా వెన్న చల్లారాక పెరుగులో కలిపి, పైన ఒక చుక్క నూనె వేశాను. పుల్కాలు కాల్చాను. అంతా పళ్ళెంలో పెట్టి పెరటి మధ్యలో స్టూలు మీద ఉంచి, వెనక్కొచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ వచ్చి పళ్ళెం తీసుకుని తన కుర్చీకి వెళ్ళింది. తల వంచి ప్రార్థన చేసుకుంది. మా ఆవిడ భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారాల్సిందే. ఆ రోజు రెండు ముక్కల్లో ఆమెన్ అనేసింది.

అప్పుడే గోడ అవతల నుంచి పక్కింటావిడ తల పైకి లేచింది. "ఆ రోజు నీ బట్టలు ఆరాయా బాబూ?" అంది.

"గ్రాండ్" అన్నాను. ఇక్కడ అంతా బాగుందనడానికి అదే అంటారు. ఈ దేశంలో నేను సరైన చోట వాడిన మొదటి మాట అదే. అసలు సంగతి చెప్పే ఇంగ్లిష్ నాకు లేదు, చెప్పినా ఆవిడ నమ్మదు. ఒక కప్పులో కొంచెం పెరుగు ముద్ద వేసి గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆవిడ చిప్స్ ప్యాకెట్ తెచ్చుకుని ముంచుకుని తిని, తన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం మా ఆవిడ వైపే చూస్తున్నాను. చూడనట్టు చూస్తున్నాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. దూది అంటుందా? రెండో ముక్క తుంచింది. ఇంక తల ఎత్తలేదు. పుల్కా అయిపోయాక వేలితో తీసుకుని తింది. మెడలో గొలుసుకున్న ఉంగరం వంగినప్పుడల్లా పళ్ళేనికి తగిలి టింగుమంటోంది.

పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. "మారు వెయ్యండి" అంది.

గిన్నె పట్టుకుని వెళ్ళి ఇంకో పుల్కా వేసి, గరిటెడు వేశాను. గిన్నెలో ఇంకా కొంచెం ఉంది. నేను ఇంకా రుచి కూడా చూడలేదు. ఆవిడ గిన్నెలోకి తొంగి చూసింది. ఇప్పుడు అడుగుతుంది, నాకు తెలుసు. జవాబు కూడా నాలుక మీద పెట్టుకున్నాను, నాకుంది, లోపల బోలెడుంది అని.

"అది కూడా వేసేయండి" అంది.

గిన్నె మొత్తం వంచేశాను. గరిటెతో గీకి మరీ వేశాను. కళ్ళు మసకబారాయి, ఎక్కడ వేస్తున్నానో కూడా సరిగా కనపడలేదు. మీకుందా అని అడగలేదు మా ఆవిడ. అంత ఆకలేసింది దానికి.